గట్టు కింద జనం

ఆ ఆదివారం రమాకాంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి నందిని ఊరి దారిలోని పాత మట్టిగట్టు దగ్గరికి వెళ్లాలి. గట్టు కింద ఖాళీగా ఉన్న నేలను ఒక్క ఫొటో తీసి, పై అధికారి శ్యామసుందర్‌కు పంపాలి. తొమ్మిదింబావుకల్లా చేతులు దులుపుకుని కార్తీక వనభోజనాల్లో పులిహోర ముందు కూర్చోవాలి. ఇందులో పొరపాటుకు చోటెక్కడుందా అని భిలాయి రుఆబాంధా కాలనీలోని తన అద్దెయింటి వరండాలో కాఫీ తాగుతూ రెండుసార్లు ఆలోచించాడు. ఎక్కడా కనబడలేదు.

రమాకాంత్ చెరువులూ కాలువలూ చూసిపెట్టే ఒక చిన్న సంస్థలో ఇంజనీరు. చుట్టుపక్కల ఉన్న చిన్నాచితకా మట్టిగట్లన్నిటికీ ప్రమాద తరగతి నిర్ణయించమని ఆ యేడు పైనుంచి హుకుం వచ్చింది. ఈ తరగతితో ఒక చిక్కుంది. అది గట్టు గట్టిదా, డొల్లదా అని చెప్పదు. తెగితే కింద ఎవరికి ముప్పు అన్నది మాత్రమే చెబుతుంది. ఎంత దిట్టమైన గట్టయినా సరే, కింద ఒక్క ప్రాణి కాపురం ఉంటే అది ‘హై’, అంటే ముప్పు ఎక్కువ. రేపో మాపో కూలేలా ఉన్నా, కింద తుమ్మపొదలు తప్ప ఏమీ లేకపోతే అది ‘లో’, అంటే తక్కువ. హై అయిందంటే ఆపద ప్రణాళిక రాయాలి, కింద ఉన్నవాళ్ల ఫోను నంబర్లు సేకరించాలి, తప్పించుకునే కసరత్తు చేయించాలి, ఆపైన ఒక ఇంజనీరు రోజూ వెళ్లి గట్టు అడుగున నీరు ఊరుతోందేమో చూసి రావాలి. లో అయితే ఒక సంతకం చాలు.

రమాకాంత్ శుక్రవారంనాడు కుర్చీలోంచి లేవకుండానే ఫారం నింపేశాడు. ‘గట్టు కింద జనం’ అన్నచోట ‘లేరు’ అని రాశాడు. తరగతి: లో. శ్యామసుందర్ ఫారం చూసి, ఫొటో ఏదని అడిగాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండులోగా ఫొటో వస్తేనే ఫైలు మూసేది, ఫైలు మూస్తేనే లీవు ఇచ్చేది అన్నాడు. ఆ లీవు మంగళవారం విశాఖ రైలెక్కి అరకు వెళ్లడానికి. పెళ్లయిన పదకొండేళ్లలో రమాకాంత్, ప్రసూన నాలుగుసార్లు అరకు ప్రయాణం పెట్టుకున్నారు. నాలుగుసార్లూ సరిగ్గా ముందురోజు ఎక్కడో ఒక కాలువ తెగింది. ఈసారి మాత్రం బుధవారం నుంచే సూట్‌కేసు హాల్లో నిలబడి ఉంది. లోయ అంచున కూర్చుని కాఫీ తాగడానికని ప్రసూన ఎర్రరంగు ఫ్లాస్కు కూడా కొంది. ఇది కూడా తప్పిందంటే ఆమె మొహం ఎలా చూడాలో రమాకాంత్‌కు తెలియదు.

ఏడూ నలభైకి ప్రసూన స్టీలు గిన్నెలు కారు డిక్కీలో సర్దుతూ అంది. "మీరు చెప్పిన చోటు అందరికీ నచ్చేసిందండీ. నందిని దారి మొత్తంమీద పెద్ద ఉసిరిచెట్టు అక్కడే ఉందట. క్యాంప్ వన్ పేట నుంచి బస్సు కూడా మాట్లాడారు. నూట నలభై మంది పైనే తేలారు."

రమాకాంత్ చేతిలోని పులిహోర గిన్నె అలాగే ఆగిపోయింది. మూడు వారాల కిందట తెలుగు మహిళా సమితికి కొత్త కార్యదర్శి అయిన భార్య, వనభోజనాలకి ఉసిరిచెట్టున్న ప్రశాంతమైన చోటు చెప్పమంది. అతను గర్వంగా పాత గట్టు కింద ఉన్న చెట్టు సంగతి చెప్పాడు. అక్కడ మనిషన్నవాడు కనబడడని హామీ కూడా ఇచ్చాడు. శుక్రవారం ఫారంలోనూ అదే రాశాడు. ఈ రెండూ ఒకే నేల గురించి తాను చెప్పిన మాటలేనని ఇంతటి ఇంజనీరుకూ ఇప్పటిదాకా తట్టలేదు.

"ఏమైందండీ?"

"ఏం లేదు. తొందరగా వెళ్దాం. చాలా తొందరగా వెళ్దాం."

తొందరగానే వెళ్లారు. కానీ వరలక్ష్మమ్మ అంతకన్నా తొందరమనిషి. క్యాంప్ వన్‌లో ఏ ఇంట పెళ్లయినా వంట పెత్తనం ఆవిడదే. ఆరింటికే వచ్చి ఉసిరిచెట్టు మొదట్లో దీపం పెట్టి, గాడిపొయ్యి తవ్వించి, గుమ్మడికాయ పులుసు ఉడికిస్తోంది. చెట్టు గట్టుకు ముప్పై అడుగుల దూరంలో ఉంది. దాని వెనక ఆ యేటి వానలకు నిండిన నీళ్లను వీపుమీద మోస్తూ, గడ్డి మొలిచిన పాత గట్టు నిబ్బరంగా పడుకుని ఉంది.

రమాకాంత్ ఫోను తీసి నిలబడ్డాడు. తెరమీద పొయ్యి పడింది. పక్కకు జరిగితే నీలం టార్పాలిన్ పడింది. ఇంకా జరిగితే తామరాకుల కట్ట పట్టుకుని ఎవరో పడ్డారు.

"పిన్నిగారూ, అందరూ ఒక్క రెండు నిమిషాలు అటు జరుగుతారా? ఫొటో తీయాలి."

అంతే. వనభోజనాల్లో ఫొటో అన్న మాట వినబడ్డాక జనం దూరంగా జరగడం ఎక్కడైనా ఉందా? తోటకూర తరుగుతున్నవాళ్లు కత్తిపీటలు వదిలేసి వచ్చారు. పొడుగువాళ్లు వెనక్కి, పొట్టివాళ్లు ముందుకి సర్దుకున్నారు. వరలక్ష్మమ్మ గరిటెతో సహా నడిమధ్య నిలబడింది.

"నవ్వమంటావేటి నాయినా?"

"నవ్వక్కర్లేదండీ. మీరు ఉండక్కర్లేదు. అంటే, ఖాళీ నేల కావాలి."

"నేలకి ఫొటో ఏటి? మొగాలు బాగోలేవా మావి?"

ఆ ముక్క అక్కడితో ఆగలేదు. కార్యదర్శి గారి మొగుడు ఫొటోలో మనల్ని ఉంచడంట అని పొయ్యి దగ్గర్నుంచి తాంబూలం పళ్లేల దాకా పాకింది. అంతలో క్యాంప్ వన్ బస్సు దిగింది. అందులోంచి దిగిన అరవైమందికీ గ్రూపు ఫొటో తీస్తున్నారనే తెలిసింది కాబట్టి, వాళ్లూ వచ్చి నిలబడ్డారు. రమాకాంత్ ఆ ఫొటో తీయక తప్పలేదు. తీశాక ఒక్కొక్కరూ తమ ఫోన్లిచ్చి, దాంట్లోనూ తీయమన్నారు. పదిన్నర అయింది.

తర్వాత గట్టెక్కాడు, దిగాడు, తూముకేసి పోయాడు, ముళ్లపొదలో దూరి చొక్కా చింపుకున్నాడు. ఎటునుంచి చూసినా కనీసం ముప్పైమంది కనబడుతున్నారు. రెండుసార్లు శ్యామసుందర్ ఫోను చేశాడు. రెండుసార్లూ "తీస్తున్నాను సార్" అన్నాడు.

"ఏమిటండీ ఆ తిరుగుడు? కాలుకాలిన పిల్లిలా!" అని ప్రసూన చెయ్యి పట్టుకుని ఆపింది. "అందరూ నన్ను అడుగుతున్నారు. అసలేమిటి సంగతి?"

ఇది ముంపు నేల అని చెబితే వనభోజనాలు చెదిరిపోతాయి. చెప్పకపోతే అరకు పోతుంది. రమాకాంత్ ఆకాశంకేసి చూశాడు. "గాలి బాగుంది కదా అని" అన్నాడు. గాలి అసలు లేదు.

ఈలోగా గణపతిరావుకు పని తగిలింది. ఆయన ఉక్కు ప్లాంటు భద్రతా విభాగంలో ముప్పైనాలుగేళ్లు చేసి రిటైరయిన ఫోర్‌మన్. రిటైరయ్యాక ఆయన జాగ్రత్తలు వినేవాళ్లు లేకపోయారు. ఇంట్లో గ్యాసు సిలిండరు మీద ఎర్ర అక్షరాలు రాస్తే కోడలు తుడిచేసింది. అయినా ఆయన మెళ్లో ఈల మాత్రం అలాగే ఉంది. జనాన్ని లెక్కపెట్టి హాజరు వేయమని ప్రసూన అప్పజెప్పగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. హాజరుపట్టీ ఉన్న అట్ట కోసం చూశాడు. కారు బానెట్ మీద అట్ట కనబడింది. తీసుకున్నాడు. అది రమాకాంత్‌ది.

మొదటి కాగితం చూసి గణపతిరావు కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇదేటి? జనం లేరు అని రాసీసేరు! నూట నలభైమందికీ ఆప్‌సెంటా?"

రెండో కాగితం తిప్పాడు. అందులో పటం ఉంది. గట్టు, దాని కింద గళ్లుగళ్లుగా గీతలు కొట్టిన నేల, ఆ గీతల నడిమధ్య ఒక చెట్టు గుర్తు. కింద హిందీలో స్పష్టంగా రాసి ఉంది: గట్టు తెగితే మునిగే ప్రాంతం. గణపతిరావు చెట్టువైపు చూశాడు. గట్టువైపు చూశాడు. మళ్లీ పటంవైపు చూశాడు. ఈల నోట్లో పెట్టుకున్నాడు.

ముప్పైనాలుగేళ్ల ఊపిరి ఆ ఈలలో ఉంది. కత్తిపీటల దగ్గరివాళ్లు కూడా లేచి నిలబడ్డారు. "ఎవులూ బెంగెట్టుకోకండి. ఇది మునిగిపోయే జాగా అంట. ఇంజినీరు బావు బొమ్మేసీసేడు!" అన్నాడాయన. బెంగపెట్టుకోవద్దన్న మాట ఎవరికీ వినబడలేదు. ఓలమ్మో అని ఒకరు, చెప్పులెక్కడ అని ఒకరు, బస్సు తాళాలెవరి దగ్గరున్నాయని ఒకరు. రమాకాంత్ పొదలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"గట్టుకేం కాలేదండీ. గట్టిగానే ఉంది. తెగదు."

"తెగనిదానికి మునిగే బొమ్మెందుకు గీసేవు బావూ?"

"ఒకవేళ తెగితే అని."

"అంటే తెగుద్దనే గదా!"

"కాదు బాబాయ్‌గారూ. కింద మనుషులుంటే ప్రమాదం ఎక్కువని రాస్తాం, లేకపోతే తక్కువని రాస్తాం. గట్టుకీ దానికీ సంబంధం లేదు. ఇక్కడ ఎవరూ ఉండరు కాబట్టి తక్కువని రాశాను."

"మరి మేం ఉన్నాం గదేటి?"

"అందుకే పొద్దుట్నుంచీ కాస్త అటు జరగమంటున్నాను."

గట్టు తెగదన్నందుకు సంతోషించాల్సిన చోట జనం మొహాలు ఎర్రబడ్డాయి. వరలక్ష్మమ్మ గరిటె పట్టుకుని ముందుకొచ్చింది.

"నాను ఆరింటికొచ్చి దీపం ఎట్టేను. నూట నలభైమందికి వండేను. నీ కాయితం లెక్కన నాను లేనేటి నాయినా? మమ్మల్ని లేనోళ్ల కింద రాసీసి, పులిహోర మాత్రం మాకాడ తింటావా?"

"పిన్నిగారూ, అది ఆఫీసు భాష..."

"ఏ బాసైనా ఉన్నోళ్లని ఉన్నారనే గదా రాస్తారు! ఉసిరిసెట్టు నీడ వదిలి నాను అంగుళం కదల్ను. భోజనం ఇక్కడే. నన్ను రాసుకో."

ప్రసూన అట్ట తీసుకుని చదివింది. "ఈ ఫారం ఎప్పుడు నింపారు?"

"శుక్రవారం."

"ఈ చోటు నాకెప్పుడు చెప్పారు?"

"మూడు వారాల కిందట."

ఆమె అట్టను అతని చేతిలో పెట్టింది. ఆ గట్టేదో ఇప్పుడే తెగితే బాగుండునని రమాకాంత్‌కు అనిపించింది.

గణపతిరావు మాత్రం హుషారుగా ఉన్నాడు. "అమ్మా, గొడవెందుకు? ప్లాంటులో ఇలగే సేసీవోళ్లం. ముప్పున్న జాగాలో కూకున్నప్పుడు ముందు ఎలగ పారిపోవాలో నేర్సుకోవాలి. ఓ పాలి మాక్‌డ్రిల్లు సేసీసి, సక్కగా తినేద్దాం. పది నిమిషాల పని."

అక్కడున్నవాళ్లలో సగంమంది ప్లాంటులో పనిచేసినవాళ్లు, మిగతా సగం వాళ్ల భార్యలు, పిల్లలు. షిఫ్టు సైరను విని నిద్రలేచి పెరిగిన జనం. మాక్‌డ్రిల్లు అనగానే వాళ్లకు కోపం పోయి, పాత ఉత్సాహం వచ్చింది. ఎవరూ చెప్పకుండానే నాలుగు జట్లయ్యారు. ప్రసూన దగ్గరున్న పట్టీలో అందరి ఫోను నంబర్లూ, ఎవరికి మోకాళ్లనొప్పులో, ఎవరు ఉల్లి తినరో కూడా ఉంది. పెద్దవాళ్ల చెయ్యి ఎవరు పట్టుకోవాలో, గిన్నెలెవరు మోయాలో ఆమె టకటకా చెప్పేసింది. ఉసిరిచెట్టు వదలనన్న వరలక్ష్మమ్మ కూడా, పులుసు గిన్నె దగ్గర తానే ఉంటానన్న షరతు మీద ఒప్పుకుంది. సమితిలో బాగా చురుకైన భాగ్యరేఖ, "అరే, వీడియో నేను తీస్తా భాభీ!" అని ఫోను తీసింది.

ఈల మోగింది. నూట నలభైమంది పులిహోర, పులుసు, పెరుగు గిన్నెలు, టార్పాలిన్‌తో సహా పరిగెత్తారు. రమాకాంత్ గుడ్లప్పగించి చూశాడు. వాళ్లందరూ గట్టు మీదకే ఎక్కుతున్నారు.

"బాబాయ్‌గారూ! గట్టు తెగితే గట్టెక్కుతారా ఎవరైనా?"

"ఎత్తున్నది అదొక్కటే గదేటి!" అని పైనుంచి కేక వచ్చింది.

అప్పుడు తట్టింది రమాకాంత్‌కు. గట్టు కింద ఎవరూ లేరు. టార్పాలిన్ లేదు, గిన్నెల్లేవు, పొయ్యి గుంట చెట్టు చాటున పడింది, కారూ బస్సూ అవతల ఉన్నాయి. గడ్డి, తుమ్మపొదలు, ఉసిరిచెట్టు. టైము పదకొండూ యాభైరెండు. గట్టుకు వీపు తిప్పి నిలబడి ఫొటో తీసి, శ్యామసుందర్‌కు పంపేశాడు. నెత్తిమీదనుంచి మూట దించినట్టయింది. కళ్లముందు రైలు కనబడింది, లోయ కనబడింది, ఎర్ర ఫ్లాస్కు కనబడింది. పైన గణపతిరావు లెక్కపెడుతున్నాడు.

"నూట నలభైరెండు! ఒకడు తక్కువ! ఎవుడు మునిగిపోయేడు?"

అందరూ కిందికి చూశారు. ఫోను చూసుకుంటూ ఒంటరిగా నవ్వుకుంటున్న రమాకాంత్ కనబడ్డాడు. నూట నలభైరెండు మంది ఒక్క గొంతుతో రమ్మని అరిచారు. అంతమంది తన ప్రాణంకోసం అరవడం అతనికి జీవితంలో అదే మొదటిసారి. పరిగెత్తుకుంటూ గట్టెక్కాడు. అతను ఎక్కేదాకా ఎవరూ చెట్టు కిందికి దిగి విస్తరి ముట్టలేదు.

రెండో వడ్డింపులో ఉండగా ఫోను మోగింది.

"ఫొటో అందింది రమాకాంత్. చాలా బాగుంది. పిట్ట కూడా లేదు" అన్నాడు శ్యామసుందర్. "ఇప్పుడే మా ఆవిడ మణిమాల ఒక వీడియో చూపించింది. ఆవిడా సమితి గ్రూపులో ఉందిగా. అదే చెట్టు, అదే గట్టు, నూట నలభైమంది. చివర్లో కింద ఒకడు మిగిలిపోయి ఫొటో తీస్తున్నాడు. వాడెవడో చెప్పగలవా?"

రమాకాంత్ విస్తరి పక్కకు నెట్టాడు. "సార్, వనభోజనాలు ఏడాదికి ఒక్కరోజే. రేపట్నుంచి అక్కడ ఎవరూ ఉండరు."

పక్కనే కూర్చున్న వరలక్ష్మమ్మ ఫోనుకేసి వంగి, "ప్రతేడూ ఇక్కడే పెట్టుకుంటామండీ. ఇంత జాగ్రత్తయిన జాగా బిలాయిలో ఇంకెక్కడుంది?" అంది.

"విన్నావుగా" అన్నాడు శ్యామసుందర్. "హై అని రాశాను. నీ అదృష్టం, ఫోను పట్టీ తయారైంది, కసరత్తు అయిపోయింది. ఆపద ప్రణాళిక రాసేటప్పుడు గట్టెక్కడం ఒక్కటి మార్చు. ఇక రోజూ అడుగున ఊట చూసి రావడమే మిగిలింది. రేపట్నుంచి మొదలుపెట్టు. ఎవరూ ఉండరంటున్నావుగా, రోజూ జనాన్ని లెక్కరాయి. వారంపాటు సున్నా చూపిస్తే లో చేస్తాను. నిజం సున్నా."

అరకు అయిదోసారి పోయింది. ఫోను పెట్టేసి రమాకాంత్ భార్యవైపు చూశాడు. ఆమె అంతా వింది. "సూట్‌కేసు మంచం కింద పెట్టెయ్యనా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

సోమవారం వెళ్లాడు. గట్టు అడుగంతా నడిచి చూశాడు, ఎక్కడా ఊట లేదు. తరవాత కాగితం తీశాడు. ‘ప్రస్తుతం గట్టు కింద జనం’ అన్న గడి ఉంది. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. సున్నా వేయబోయి ఆగిపోయాడు. వరలక్ష్మమ్మ గరిటె గుర్తొచ్చింది. ఉన్నవాణ్ని లేడని ఎలా రాయడం? ఒకటి అని వేశాడు.

"ఒకటైనా హైయే. ఎవరా ఒక్కడు?" అని అడిగాడు శ్యామసుందర్ ఫోనులో.

"నేనే సార్."

"నిన్నక్కడ ఎవరుండమన్నారు?"

"హై గట్టు కాబట్టి రోజూ కిందికి దిగి చూడమన్నారు సార్. దిగితే నేనుంటాను. నేనుంటే హై."

అవతల శ్యామసుందర్ కాగితాలు తిరగేసిన చప్పుడైంది. పైవాళ్లను కనుక్కుంటానన్నాడు. ఆయన గొంతు వింటే పైవాళ్లకూ తెలియదని రమాకాంత్‌కు అర్థమైపోయింది.

మంగళవారం విశాఖ రైలు కదిలే వేళకు రమాకాంత్ ఉసిరిచెట్టు కింద అట్ట పట్టుకుని కూర్చున్నాడు. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఊట చూశాడు, లేదు. మళ్లీ చూశాడు. వచ్చి ఫారంలో ఒకటి వేసి, రైలు ఎక్కడిదాకా పోయి ఉంటుందోనని లెక్కలు వేసుకుంటున్నాడు. మట్టిబాటన ఆటో ఆగిన చప్పుడైంది. ప్రసూన దిగింది. ఒక చేతిలో చాప, రెండో చేతిలో ఎర్ర ఫ్లాస్కు.

"ఇక్కడికెందుకొచ్చావు? ఇది ముంపు నేల!" అన్నాడు కంగారుగా లేచి.

"తెలుసు. పటం చూశానుగా." చాప పరిచి కూర్చుంది. "అరకు లోయైతేనేం, గట్టు కిందైతేనేం? పదకొండేళ్లుగా మీరెక్కడుంటే అక్కడ నేను లేను. ఇవాళైనా ఉందామని వచ్చాను. కాఫీ చల్లారిపోతుంది, కూర్చోండి."

రమాకాంత్ కూర్చున్నాడు. కాఫీలో పంచదార తక్కువైంది. అయినా బాగుందన్నాడు. గట్టుమీద గడ్డి మెల్లగా ఊగుతోంది. రెండు గుక్కలు తాగాక అతని కాళ్లు ఊగడం ఆగిపోయింది. అప్పుడు జేబులోంచి పెన్ను తీశాడు. ఫారంలో ఒకటి కొట్టేసి, రెండు అని వేశాడు.